ఓవర్ అయిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ని దారికి తెచ్చుకోవడం ఎలా: మన డెల్టా నీళ్లతో, మన ఎండల్లో

డెవలపింగ్ ట్యాంకులోంచి తీసిన రీలు లైటుకి అడ్డం పెట్టి చూస్తే కొబ్బరిచెట్ల కింద నీడ కూడా (నెగటివ్‌లో అది పల్చగా ఉండాలి) నల్లగానే ఉందనుకోండి, వెంటనే రెడ్యూసర్, అంటే నెగటివ్‌లో వెండిని కరిగించి పల్చబరిచే మందు, కలపడానికి పరిగెత్తకండి. ఇక్కడ చెప్పేదాంట్లో సగం ఆ రెడ్యూసర్ గురించే, కాదనను. కానీ నల్లగా వచ్చిన నెగటివ్‌లలో చాలావాటికి దాని అవసరమే ఉండదు, ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పేపర్ మీద పెద్దదిగా వేసే యంత్రం) కింద కాస్త ఓపిక పడితే సరిపోతుంది. ఇంకో సంగతి ఏమిటంటే రెడ్యూసర్‌లో కరిగిపోయిన వెండి మళ్లీ వెనక్కి రాదు. అందుకే వరస ముఖ్యం: నల్లబడడానికి కారణం తేల్చుకోవాలి, ప్రింటు వేసి చూడాలి, అప్పటికీ కుదరకపోతేనే మందు.

కారణం ఏదో తేల్చండి

ఆరిన నెగటివ్‌ని కిటికీ దగ్గర న్యూస్‌పేపర్ మీద పెట్టండి. ఫ్రేములో అన్నిటికన్నా నల్లగా ఉన్న చోటు నుంచి కింద అక్షరాలు కష్టం మీదైనా చదవగలుగుతున్నారంటే కంగారు లేదు, మామూలుగా ప్రింటు వేసుకోవచ్చు. అక్షరాలు కాదు కదా, అసలు అక్కడ పేపర్ ఉందని కూడా తెలియడం లేదంటే అప్పుడు డెన్స్ నెగటివ్ అనాలి.

తర్వాత అంచులు చూడండి. ఫిల్మ్ పేరు, ఫ్రేము నంబర్లు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చువేసి పంపిస్తారు కాబట్టి మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు, డెవలపర్‌తోనే సంబంధం. నంబర్లు మామూలుగా ఉండి ఫ్రేములు మాత్రం ముద్దగా ఉన్నాయంటే తప్పు కెమెరా దగ్గర జరిగింది, అంటే ఎక్స్‌పోజర్ ఎక్కువైంది. నంబర్లు కూడా ఉబ్బి, దట్టంగా ఉన్నాయంటే డెవలప్‌మెంట్ ఎక్కువైంది. నంబర్ల చుట్టూ ఖాళీగా ఉండాల్సిన అంచు కూడా బూడిదరంగుకి తిరిగిందంటే ఫాగ్, అంటే ఫిల్మ్ పాతదో, ఎక్కడో వెలుతురు దూరిందో.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు కాబట్టి ఇక్కడ తొందర పడొద్దు. నీడల్లో ఏముందో కూడా చూడండి. కనుమ రోజు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం (అలంకరించిన ఎత్తైన ప్రభల్ని మోసుకొచ్చే జాతర) తీశారనుకుందాం. కొబ్బరితోటలో లైట్ మీటరు చూపిస్తే అది ఆ చీకటిని చూసి ఎక్కువ వెలుతురు అడుగుతుంది, మీరు ఇస్తారు, ఆకాశం ముందు నిలబెట్టిన ప్రభ కాస్తా నెగటివ్‌లో గోడలా మూసుకుపోతుంది. చెట్ల కింద జనం మొహాలు కూడా దట్టంగానే ఉంటాయి, కానీ వాటిలో వివరం నిండుగా ఉంటుంది. ఇది అసలైన ఓవర్ ఎక్స్‌పోజర్. అలా కాకుండా నీడలు పల్చగా, మామూలుగా ఉండి తెల్ల పంచెలు, ఆకాశం మాత్రమే నల్లగా గడ్డకట్టాయంటే అది ఓవర్ డెవలప్‌మెంట్. మన దగ్గర ఈ రెండోది ఎందుకు ఎక్కువో చెప్పక్కర్లేదు కదా, ఏప్రిల్, మేలో మేడ మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనట్టు ఉంటాయి. 20 డిగ్రీలకి రాసిన టైమునే 28 డిగ్రీల డెవలపర్‌కి కూడా వాడేస్తే నెగటివ్ నల్లబడక ఏమవుతుంది. ఉదాహరణకి హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ని ఐడీ-11 డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి చేస్తే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, అదే 24 డిగ్రీలయితే 9 నిమిషాల చిల్లరకే ఆపాలి.

రీలు మొత్తం ఓవర్ అయితే కెమెరా మీద ఏఎస్ఏ డయల్ (ఫిల్మ్ స్పీడు సెట్ చేసేది) చూసుకోండి, 400 ఫిల్మ్ వేసి డయల్ 100 మీద వదిలేస్తే ప్రతి ఫ్రేమూ 2 స్టాపులు ఎక్కువే (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు). అక్కడక్కడా కొన్ని ఫ్రేములే నల్లబడితే పాత లెన్సులో ఎపర్చర్ రేకులు జిడ్డు పట్టి నెమ్మదిగా మూసుకుంటున్నాయేమో అనుమానించండి. ఎండకి కార్లో వదిలేసిన లెన్సుల్లో ఇది మామూలే.

ముందు ప్రింటు వేయండి

చాలామందికి టెన్షన్ పుట్టించేది నెగటివ్ చూడడానికి ఎలా ఉందన్నది. కానీ లెక్క వేసుకోండి. మామూలుగా డెవలప్ చేసిన ఫిల్మ్‌లో ఒక స్టాపు ఎక్స్‌పోజర్ పెరిగితే డెన్సిటీ (నెగటివ్ నలుపు కొలత) సుమారు 0.18 పెరుగుతుంది. 2 స్టాపులు ఓవర్ అంటే 0.36. దానికి ఎన్‌లార్జర్ కింద ఇవ్వాల్సిన టైము రెట్టింపుకి కాస్త పైన, అంతే. 3 స్టాపులకి మూడున్నర రెట్లు. మామూలు నెగటివ్ ఎఫ్ 8 దగ్గర 12 సెకన్లకి ప్రింటయ్యే చోట ఇది ఎఫ్ 5.6 దగ్గర 21 సెకన్లకి ప్రింటవుతుంది. ఈ మాత్రానికి నెగటివ్‌ని మందులో ముంచడం ఎందుకండీ? హెచ్‌పీ5, ట్రై-ఎక్స్ లాంటి ఫిల్ములు 2, 3 స్టాపులు ఎక్కువైనా తట్టుకుంటాయి, గ్రెయిన్ కాస్త ముతకబడుతుంది, షార్ప్‌నెస్ కాస్త తగ్గుతుంది, బొమ్మ మాత్రం ఉంటుంది.

కాబట్టి కాంటాక్ట్ షీట్ (నెగటివ్‌లని నేరుగా పేపర్ మీద ఆనించి వేసే ప్రింటు) వేయండి. ఆ ఫ్రేముల వరసకి మాత్రం టైము రెట్టింపు, నాలుగు రెట్లు ఇచ్చి రెండు పట్టీలు చేయండి. దేంట్లో బొమ్మ కనబడితే దాన్ని ఎన్‌లార్జర్‌లో పెట్టండి. ఎక్స్‌పోజర్ నిమిషం దాటుతుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, దీపం వేడికి నెగటివ్ మధ్యలో ఉబ్బి ఫోకస్ పోతుంది, అందుకని ఎక్స్‌పోజర్‌ని 15, 20 సెకన్ల ముక్కలుగా ఇవ్వండి, మధ్యలో చల్లారనివ్వండి. రెండోది కరెంటు. వేసవి సాయంత్రాలు ఊళ్లో ఏసీలన్నీ ఒకేసారి వేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఎన్‌లార్జర్ దీపం మసకబారుతుంది, టెస్ట్ స్ట్రిప్‌కి వచ్చిన టైము అసలు ప్రింటుకి సరిపోదు. స్టెబిలైజర్ పెట్టుకోండి, లేదా తెల్లవారుజామున పని చేసుకోండి. తెల్లవారుజామున నీళ్లూ చల్లగా ఉంటాయి, రెండు విధాలా లాభమే.

ప్రింటు చప్పగా, బూడిదగా వస్తే కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఫిల్టరు ఒక గ్రేడు పెంచండి, 2 నుంచి 3కి, అవసరమైతే మూడున్నరకి. ఎక్స్‌పోజర్ బాగా ఎక్కువైన చోట తెలుపుల మధ్య తేడాలు కుదించుకుపోయి ఉంటాయి, వాటిని విడదీయడానికి గట్టి గ్రేడే కావాలి. ఆకాశమో, గోపురమో, ఇసుకతిప్పో ఇంకా తెల్లకాగితంలా మిగిలిపోతే అక్కడ మాత్రం బర్న్ చేయండి, అంటే మిగతా చోటుని కప్పి అక్కడికే ఇంకాస్త వెలుతురు ఇవ్వండి. అప్పటికీ లొంగకపోతే పేపర్‌ని ముందే ఫ్లాష్ చేయడం అని ఒక ఉపాయం ఉంది: నెగటివ్ తీసేసి, లెన్సు బాగా మూసి, ఖాళీ వెలుతురుని పేపర్ మీద అర సెకను, ఒక సెకను, అలా పట్టీలుగా పడనిచ్చి డెవలప్ చేస్తే ఏ టైము దగ్గర మొదటి బూడిద కనబడుతుందో తెలుస్తుంది, దానికన్నా ఒక మెట్టు తక్కువ టైము అసలు పేపర్‌కి ఇచ్చి, తర్వాత నెగటివ్ పెట్టి మామూలుగా ప్రింటు వేయాలి. ఒట్టి తెలుపుగా ఉండాల్సిన చోట సన్నటి టోను వస్తుంది. రెడ్యూసర్ కన్నా ఇది నాకు ఎప్పుడూ ఇష్టం, పాడైతే పేపర్ ఒకటే పోతుంది.

ఇవన్నీ చేసినా బొమ్మ రావడం లేదా? ఇక మందు దగ్గరికి వెళ్దాం. వెళ్లేముందు నెగటివ్‌ని లైట్‌బాక్సు మీద పెట్టి కెమెరాతో ఒక కాపీ తీసి దాచుకోండి. లైట్‌బాక్సు లేకపోతే ఎల్ఈడీ ప్యానెల్ మీద ట్రేసింగ్ పేపర్ చాలు. పుష్కరాల ఫొటోనో, ఇప్పుడు లేని మనిషి ఫొటోనో అయితే ఈ కాపీ తీయకుండా ముందుకి పోవద్దు.

మందులు, నీళ్లు, ఐసు

మనం వాడేది ఫార్మర్స్ రెడ్యూసర్. హోవర్డ్ ఫార్మర్ అనే ఆయన 1883లో చెప్పిన ఫార్ములా, ఇప్పటికీ దాన్ని మించిన సులువైనది లేదు. కావాల్సినవి రెండే: పొటాషియం ఫెర్రిసయనైడ్, హైపో. ఫెర్రిసయనైడ్ ఎర్రటి పలుకులుగా ఉంటుంది, రాజమండ్రి, కాకినాడ లాంటి చోట్ల కాలేజీ ల్యాబులకి కెమికల్స్ అమ్మే షాపుల్లో అడగండి. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, ఫొటో షాపులో దొరక్కపోతే భీమవరం వైపు వాళ్లకి ఇంకా తేలిక, రొయ్యల హేచరీల్లో నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడేది ఇదే కాబట్టి ఆక్వా మందుల షాపులో ఉంటుంది. మట్టీ నలకా ఉండొచ్చు, కరిగించాక కాఫీ ఫిల్టరు పేపర్‌లోనో పల్చటి గుడ్డలోనో వడకట్టుకోండి. పటిక పలుకుల్లా ఉన్నదే తీసుకోండి. నీరు లేని పొడి రకం దొరికితే కింద చెప్పిన బరువులో 64 శాతమే వేయాలి. రాపిడ్ ఫిక్సర్ మాత్రం దీని బదులు వాడొద్దు, అది అమ్మోనియం రకం, పైగా ఆమ్లం కలిపి ఉంటుంది, మీరు చూస్తుండగానే బొమ్మని తినేస్తుంది.

స్టాకు ఎ: ఫెర్రిసయనైడ్ 7.5 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. వరకు. ముదురు రంగు సీసాలో, చీకట్లో పెడితే నెలల తరబడి ఉంటుంది.

స్టాకు బి: హైపో పలుకులు 120 గ్రాములు, నీళ్లు 500 మి.లీ. వరకు. హైపో కరిగేటప్పుడు నీళ్లు వాటంతట అవే చల్లబడతాయి, కాబట్టి గోరువెచ్చటి నీళ్లతో మొదలుపెట్టండి.

నీళ్ల సంగతి. కాలవ నీళ్లలో ఒండ్రు, తీరం వైపు బోర్లలో ఉప్పు. పటిక తిప్పి తేర్చిన నీళ్లు తాగడానికి బాగుంటాయేమో గానీ కాస్త పులుపు తిరుగుతాయి, మందులు కలపడానికి వద్దు. కలపడానికీ, ఆఖరి జాడింపుకీ 20 లీటర్ల టిన్ను నీళ్లో, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరో తీసుకోండి. మధ్యలో కడగడానికి కుళాయి నీళ్లు చాలు, నలక లేకుండా కుళాయికి గుడ్డ కట్టండి.

వేడి ఇంకో తంటా. 30 డిగ్రీలు దాటిన నీళ్లలో నానిన ఎమల్షన్ (ఫిల్మ్ మీద వెండి ఉండే పొర) మెత్తబడి గోరు తగిలితే ఊడొస్తుంది, చల్లటి దాంట్లోంచి వేడి దాంట్లోకి ఒక్కసారిగా మారిస్తే ముడతలు పడుతుంది. అన్ని ట్రేలనీ ఒక పెద్ద టబ్బులో పెట్టి చుట్టూ నీళ్లు పోసి, ఐసు ముక్కలు పాలిథిన్ కవర్లో కట్టి ఆ నీళ్లలో వేయండి. చేపలు ప్యాక్ చేసే ఐసు ఊరూరా దొరుకుతుంది కదా. 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి, కడిగే నీళ్లు కూడా దానికి రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

జాగ్రత్త ఒక్కటి గట్టిగా చెప్తాను. ఫెర్రిసయనైడ్ పేరులో సయనైడ్ ఉందని భయపడక్కర్లేదు, మామూలుగా వాడితే దాని విషం తక్కువే. కానీ గాఢమైన ఆమ్లం తగిలినా, బాగా వేడి చేసినా విషవాయువు వస్తుంది. మనలో చాలామంది డార్క్‌రూమ్ అంటే బాత్రూమే. అక్కడ టైల్స్ కడిగే యాసిడ్ సీసా ఉంటే ముందు దాన్ని బయట పెట్టండి, స్టాప్ బాత్‌ని (డెవలప్‌మెంట్ ఆపే ఆమ్ల ద్రావణం) కూడా ఈ మందు దగ్గరకి రానివ్వకండి, చేతికి గ్లౌజులు వేసుకోండి, వంటింటి గిన్నెలు వాడకండి.

ఒకే ట్రే పద్ధతి: ఎక్స్‌పోజర్ ఎక్కువైన వాటికి, ఫాగ్ కొట్టిన వాటికి

మంచి వార్త, దీనికి చీకటి అక్కర్లేదు. ఫిక్స్ అయిన నెగటివ్ కాబట్టి ట్యూబులైటు కిందే చేసుకోవచ్చు, చూస్తూ చేయడమే మంచిది. తెల్లటి ట్రే తీసుకోండి.

నెగటివ్ పట్టీని మామూలు నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టండి. పొడి నెగటివ్‌ని నేరుగా మందులో వేస్తే మచ్చలు మచ్చలుగా కరుగుతుంది. వేలిముద్రలు, జిడ్డు ఉంటే ముందే కడిగేయాలి.

ట్రేలో 60 మి.లీ. స్టాకు బి పోసి, నీళ్లతో దాదాపు అర లీటరు చేసి, అన్నీ సిద్ధమయ్యాక ఆఖర్న 15 మి.లీ. స్టాకు ఎ పోసి కలపండి. నిమ్మకాయ రంగు వస్తుంది. కలిపిన నిమిషం నుంచే ఇది చావడం మొదలుపెడుతుంది, ఓ 10 నిమిషాల ఆయుష్షు, పసుపు పోయిందంటే పారబోసి కొత్తది కలపాలి. మొదటిసారి చేసేవాళ్లు ఎ సగమే వేయండి, నెమ్మదిగా కరుగుతుంది, ఆపుకోవడానికి వీలుంటుంది. రీలు మొదట్లో పూర్తిగా నల్లబడిన లీడరు ముక్క ఉంటుంది కదా, ముందు దాన్ని వేసి చూడండి, ఎంత వేగంగా తగ్గుతుందో అంచనా వస్తుంది.

ఇప్పుడు పట్టీ మొత్తాన్ని ఒకేసారి, ఎమల్షన్ పైకి ఉండేలా ముంచండి. సగం ముంచి ఆలోచిస్తే గీత పడుతుంది. ట్రేని ఆపకుండా, అన్ని వైపుల నుంచీ మార్చి మార్చి ఊపండి. 30 సెకన్లకి ఒకసారి తీసి, నీళ్లలో బాగా జాడించి, లైటు మీద చూసి, మళ్లీ వేయండి. జాడించకుండా గాల్లో పట్టుకుని చూస్తూ కూర్చుంటే చారలు పడతాయి. మీరు కోరుకున్న స్థాయికి కాస్త ముందే ఆపేయాలి, ఎందుకంటే ఎమల్షన్‌లో మిగిలిన మందు నీళ్లలోకి వెళ్లాక కూడా కొంచెం సేపు పని చేస్తుంది.

ఎక్కడ చూడాలంటే, నల్లటి చోట్ల కాదు, నీడల్లో. ఈ పద్ధతి అన్నిచోట్లా దాదాపు సమానంగా కోస్తుంది కాబట్టి తక్కువ వెండి ఉన్న నీడలే ముందు ఖాళీ అవుతాయి. ఓవర్ ఎక్స్‌పోజ్ అయిన నెగటివ్‌లో నీడల దగ్గర కూడా మిగులు ఉంటుంది కాబట్టి పరవాలేదు, ఆ మిగులు అయిపోగానే ఆపాలి. నీడలో చెట్టు మొదలు, అరుగు మీద ముసలాయన మడతల చొక్కా కనబడుతూ ఉండగానే బయటికి తీయండి. ఆకాశం ఇంకా నల్లగా ఉందే అని సాగదీశారో, నీడలు గాజులా తేలిపోతాయి. ఆకాశం సంగతి బర్నింగ్‌లో చూసుకోవచ్చు.

రెండు ట్రేల పద్ధతి: డెవలప్‌మెంట్ ఎక్కువైన వాటికి

నీడలు సరిగానే ఉండి తెలుపులే గడ్డకట్టిన నెగటివ్‌కి పైదాన్ని వాడితే ఉన్న నీడలు పోతాయి. దీనికి మందులు విడివిడిగా పెట్టాలి. మొదటి ట్రేలో లీటరుకి 7.5 గ్రాముల ఫెర్రిసయనైడ్, రెండో ట్రేలో లీటరుకి 200 గ్రాముల హైపో. నానిన నెగటివ్‌ని మొదటిదాంట్లో 1 నుంచి 4 నిమిషాలు ఊపుతూ ఉంచి, రెండోదాంట్లో 5 నిమిషాలు పెట్టి, కడగండి. తగ్గడం అంతా రెండో ట్రేలోనే కనబడుతుంది కాబట్టి మొదటిసారి 1 నిమిషంతోనే సరిపెట్టండి, చాలకపోతే బాగా కడిగి మళ్లీ మొదటి నుంచి చేయొచ్చు. ఇది దట్టమైన చోట ఎక్కువ, పల్చటి చోట తక్కువ తీస్తుంది. తెలుపులని మాత్రమే ఇంకా గట్టిగా కొట్టే అమ్మోనియం పర్‌సల్ఫేట్ కూడా ఉంది గానీ నీళ్ల తేడాకి కూడా దాని తీరు మారిపోతుంది, మన బోరు నీళ్లతో ఆ జోలికి పోవద్దు.

కడగడం, ఆరబెట్టడం

ఏ పద్ధతి అయినా చివర్లో కొత్త హైపోలో 3 నిమిషాలు, తర్వాత పారే నీళ్లలో 20, 30 నిమిషాలు. కాలవలు కట్టేసిన రోజుల్లో నీళ్లు అంత పారబోయలేం, అప్పుడు డెవలపింగ్ ట్యాంకులో నీళ్లు నింపి 5 సార్లు తిరగేసి పారబోసి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు తిరగేయండి, సరిపోతుంది. పసుపు మరక మిగిలిందంటే కడగడం చాల్లేదని అర్థం. ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌లో వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చేసేది) ఒక చుక్క వేసి జాడించి వేలాడదీయండి. వేళ్లతో తుడవకండి, మందు తగిలిన ఎమల్షన్ మామూలు కన్నా నాజూకుగా ఉంటుంది.

ఫ్యాను కింద వద్దు, దుమ్ము అంటుకుంటుంది. వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో సాయంత్రం లైటేసి కిటికీ తీశారంటే పచ్చ దీపపు పురుగులు వచ్చి తడి నెగటివ్‌కి అతుక్కుపోతాయి, వాటిని తీస్తే గీత, వదిలేస్తే మచ్చ. తలుపులు మూసి, లైటు ఆర్పేసి, రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో తడి ఆరినట్టు కనబడినా ఇంకో పూట ఆగి, అప్పుడు కవర్లో పెట్టి సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూయండి, లేకపోతే బూజు.

మళ్లీ ప్రింటు వేసేటప్పుడు పాత టైములు పనికిరావు, టెస్ట్ స్ట్రిప్ కొత్తగా వేయాలి. ఒకే ట్రే పద్ధతిలో కాంట్రాస్ట్ పెరిగినట్టు అనిపిస్తుంది, గ్రెయిన్ కూడా తేలుతుంది, కాబట్టి గ్రేడు 2 నుంచే మొదలుపెట్టి చూడండి. రెండు ట్రేల పద్ధతిలో చేసినదానికి కాస్త గట్టి గ్రేడు కావాల్సి రావచ్చు.

వాడిన మందుని కాలవలో గానీ చెరువు గట్టున గానీ పోయకండి. ఎండ తగిలితే ఫెర్రిసయనైడ్ విడిపోయి చేపల్నీ రొయ్యల్నీ చంపే సయనైడ్‌ని వదులుతుంది, హైపోలో కరిగిన వెండి కూడా వాటికి మంచిది కాదు. ఫెర్రిసయనైడ్ కలిసినదాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ క్యాన్‌లో, ఎండ తగలని చోట, పేరు రాసి ఉంచి, కెమికల్ వ్యర్థాలు తీసుకునే ల్యాబుకో కాలేజీకో అప్పగించండి. ఒట్టి హైపో అయితే అందులో స్టీలు పీచు వేసి కొన్ని రోజులు వదిలేస్తే వెండి మడ్డిలా అడుక్కి దిగుతుంది. ఈ రెండు క్యాన్లనీ ఎప్పుడూ కలపకండి.